తప్పు గుంపుదా, గేటుదా?

2025 జూన్ 4, బుధవారం. ముందు రోజు రాత్రి అహ్మదాబాదులో మన బెంగళూరు జట్టు 18 ఏళ్ళకు మొదటిసారి ఐపీఎల్ కప్పు గెలిచింది. మా వీధిలో చాలాసేపు పటాకుల మోతే. మరుసటి రోజు బడిలో ఎవరికీ పాఠం తలకెక్కలేదు. సాయంత్రం బడి వదిలాక మా పెదనాన్న కొడుకు వచ్చి, "చిన్నస్వామి స్టేడియం దాకా పోయొద్దాం రా. లోపలికి పోకున్నా ఏం కాదు, బయట నుంచి చూసినా చాలు" అన్నాడు. అమ్మ వద్దంది. అవ్వ మాత్రం, "ఒక్క పూటే కదా, పోయి రానీలే" అంది. పోయాము.

మెజెస్టిక్‌లో మెట్రో ఎక్కాం. పెట్టె నిండా ఎర్ర చొక్కాలే. అందరూ కలిసి "ఈ సల కప్ నమ్దు" అని అరుస్తున్నారు. రైలు విధానసౌధ స్టేషనులో ఆగలేదు. కబ్బన్ పార్కులోనూ ఆగలేదు. జనానికి కోపం వచ్చింది. కొందరు తలుపుల మీద కొట్టారు. మా అన్న కూడా మెట్రోవాళ్ళను తిట్టాడు. ఎం.జి. రోడ్డులో దిగి వెనక్కి నడుద్దామని అనుకుంటుండగా అన్న ఫోను మోగింది. అమ్మ. మాట రావడం లేదు, ఏడుస్తోంది. "ఎక్కడున్నారు, పాప నీ పక్కనే ఉందా?" అని అడుగుతోంది. టీవీలో చూసిందంట.

స్టేడియం గేట్ల దగ్గర 11 మంది చనిపోయారు. 50 మందికి పైగా గాయపడ్డారు. పోయినవాళ్ళలో ఎక్కువమంది కుర్రవాళ్ళే, బడికి పోయే పిల్ల కూడా ఉంది. మేము నడిచి పోయేంత దూరంలో అది జరిగింది, అయినా మాకు ఏమీ తెలియదు. మేము రైల్లో పాటలు పాడుతున్నాం. ఆగలేదని మేము తిట్టుకున్న ఆ రైలు ఆగి ఉంటే మేమూ ఆ గుంపు వెనక చేరి ముందుకు తోసేవాళ్ళమే. ఈ ఆలోచన నాకు చాలా రోజులు నిద్ర పట్టనివ్వలేదు.

మరుసటి రోజు క్లాసులో అందరూ ఒకటే మాట: "జనానికి బుద్ధి లేదు." నేనూ తల ఊపాను. మా సోషల్ టీచరు విని ఒక ప్రశ్న వేశారు: "ఒక్క ఊర్లో జరిగితే జనం తప్పు అనుకోవచ్చు. వేరే వేరే దేశాల్లో, వేరే వేరే కాలాల్లో ఒకే రకంగా జరిగి ఉంటే? అన్ని చోట్లా జనానికి బుద్ధి లేదనా? చరిత్రలో వెతికి రాసుకుని రండి." ఆ ప్రశ్నకు నాకు దొరికిన జవాబే ఈ వ్యాసం.

మొదట మా ఇంట్లోనే వెతికాను. తాతను అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత 1981 సంగతి చెప్పాడు. అప్పుడు బెంగళూరులో వీనస్ సర్కస్ ఆడుతోంది. తాత మేస్త్రీ పని చేసేవాడు. ఆదివారం సెలవు కాబట్టి ఆ రోజు మా పెదనాన్నను సర్కస్‌కు తీసుకుపోతానని మాట ఇచ్చాడు. పెదనాన్నకు 6 ఏళ్ళు. ముందు రోజు, ఫిబ్రవరి 7 శనివారం, సర్కస్ డేరాకు నిప్పంటుకుంది. లోపల వేలమంది, ఎక్కువమంది పిల్లలే. మంటలకూ, బయటికి పోయే దారి దొరకని తోపులాటకూ 90 మందికి పైగా చనిపోయారు. "ఒక్క రోజు తేడా పాపా" అన్నాడు తాత. పెదనాన్న సర్కస్ పోయిందని ఆ ఆదివారమంతా ఏడ్చాడంట. తాత ఎందుకు ఏడ్చాడో పెదనాన్నకు అప్పుడు అర్థం కాలేదు.

అంటే జూన్ 4 బెంగళూరుకు కొత్త కాదు. తాతకూ నాకూ మధ్య 44 ఏళ్ళు. ఇద్దరమూ కాస్తలో తప్పించుకున్నవాళ్ళమే.

తర్వాత పాత కాలానికి పోయాను. ఇంగ్లండులో సండర్లాండ్ అనే ఊరుంది. 1883 జూన్ 16న అక్కడి విక్టోరియా హాలులో పిల్లల కోసం గారడీ ప్రదర్శన పెట్టారు. ఆట చివర్లో, టికెట్టు నంబరు తగిలిన పిల్లలకు బహుమతులు ఇస్తామని ప్రకటించారు. కింద కూర్చున్న పిల్లలకు వేదిక మీద నుంచే పంచడం మొదలుపెట్టారు. పైన గ్యాలరీలో దాదాపు 1,100 మంది పిల్లలున్నారు. తమకు అందవేమోనని వాళ్ళు మెట్ల మీద పరుగెత్తారు. మెట్ల అడుగున తలుపు లోపలికి తెరుచుకునే రకం. టికెట్లు చూడటానికి వీలుగా ఒక్కో పిల్ల మాత్రమే పట్టేంత సందు వదిలి, దానికి గడియ బిగించి ఉంది. ముందున్నవాళ్ళు అక్కడ ఇరుక్కున్నారు. వెనకున్నవాళ్ళకు ఆ సంగతి తెలియదు, వస్తూనే ఉన్నారు. 183 మంది పిల్లలు చనిపోయారు. అందరూ 3 నుంచి 14 ఏళ్ళ లోపువాళ్ళే.

ఆ పిల్లలకు బుద్ధి లేదని ఎవరనగలరు? బొమ్మ ఇస్తామంటే ఏ పిల్ల పరుగెత్తదు? తప్పు తలుపుది. ఆ దేశం అది ఒప్పుకుంది. జనం చేరే హాళ్ళకు తగినన్ని దారులు ఉండాలని, తలుపులు బయటికి తెరుచుకోవాలని చట్టం వచ్చింది. చేతితో నెడితే చాలు తెరుచుకునే అడ్డ కడ్డీ తలుపు కూడా ఆ తర్వాతే వచ్చింది. ఇప్పుడు మన మాల్స్‌లో, సినిమా హాళ్ళలో "ఎగ్జిట్" అని పచ్చ దీపం వెలిగే చోట ఆ కడ్డీ కనిపిస్తుంది. నేను దాన్ని చాలాసార్లు చూశాను గానీ దాని వెనక 183 మంది పిల్లలున్నారని తెలియదు.

రెండో ఉదాహరణ 1989 ఏప్రిల్ 15. ఇంగ్లండులోనే షెఫీల్డు నగరంలో హిల్స్‌బరో అనే ఫుట్‌బాల్ మైదానం. బయట గేట్ల దగ్గర జనం ఎక్కువయ్యారని పోలీసులు ఒక పెద్ద గేటు తెరిపించారు. లోపలికి వచ్చినవాళ్ళకు ఎదురుగా కనిపించింది ఒక్కటే సొరంగ దారి. ఆ దారి అప్పటికే నిండిపోయిన కంచెల మధ్యకు పోతుంది. దాన్ని మూసి పక్కలకు పంపేవాళ్ళు ఎవరూ లేరు. వెనక నుంచి వచ్చినవాళ్ళు ఆటకు ఆలస్యమవుతుందని గబగబా నడిచారు, అంతే. ముందున్నవాళ్ళు కంచెకు నొక్కుకుపోయారు. ఆ దుర్ఘటనలో చనిపోయినవారి లెక్క ఇవాళ 97.

ఆ తర్వాత జరిగింది ఇంకా బాధ కలిగించింది. తాగి వచ్చిన అభిమానుల వల్లే ఇదంతా జరిగిందని అధికారులు చెప్పారు, పత్రికలూ రాశాయి. పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు అది అబద్ధమని కోర్టుల చుట్టూ తిరిగారు. చివరికి 2016లో, అంటే 27 ఏళ్ళ తర్వాత, అభిమానుల తప్పేమీ లేదని జ్యూరీ తేల్చింది. "జనానికి బుద్ధి లేదు" అని నేను ఒక్క నిమిషంలో తల ఊపాను. ఆ మాట అబద్ధమని తేల్చడానికి ఆ తల్లిదండ్రులకు 27 ఏళ్ళు పట్టింది.

ఇక మన తెలుగువాళ్ళ సంగతి. 2015 జూలై 14న గోదావరి పుష్కరాల మొదటి రోజు రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర 27 మంది చనిపోయారు. పుష్కరాలు 12 రోజులుంటాయి. గోదావరికి ఎన్నో రేవులున్నాయి. అయినా మొదటి రోజు, అదే ముహూర్తానికి, అదే రేవులో మునగాలని లక్షలమంది వచ్చారు. ముహూర్తం గురించి జరిగిన అతి ప్రచారం కూడా కారణమేనని తర్వాత వేసిన విచారణ కమిషన్ చెప్పింది.

2022 డిసెంబరు 28న కందుకూరులో ఇరుకు రోడ్డు మీద జరిగిన రాజకీయ సభలో 8 మంది, నాలుగు రోజులకే 2023 జనవరి 1న గుంటూరులో పండగ కానుకలు పంచే చోట 3 మంది ఆడవాళ్ళు చనిపోయారు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం ఎదురుచూస్తున్నవాళ్ళలో 6 మంది పోయారు. అక్కడ ఒకామెకు ఒంట్లో బాగాలేదని సాయం చేయడానికి గేటు తెరిస్తే, టోకెన్లు ఇస్తున్నారనుకుని జనం ఒక్కసారిగా కదిలారని వార్తల్లో వచ్చింది. 2025 నవంబరు 1న, కార్తీక ఏకాదశి రోజు, శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో వెంకటేశ్వర స్వామి గుడి దగ్గర 9 మంది చనిపోయారు. అక్కడ రాకకూ పోకకూ ఒకే దారి.

నేను ఇవన్నీ నోటుబుక్కులో వరుసగా రాసి పక్కన కారణాలు రాశాను. మళ్ళీ మళ్ళీ మూడే కనిపించాయి.

ఒకటి, అందరికీ ఒకే సమయంలో ఒకే చోట ఏదో కావాలి. అది సండర్లాండ్‌లో బొమ్మ, గుంటూరులో పండగ కానుక, తిరుపతిలో టోకెను, రాజమండ్రిలో ముహూర్తం. మన స్టేడియం దగ్గర ఉచిత ప్రవేశం. ఆ స్టేడియంలో పట్టేది దాదాపు 35,000 మంది. ఆ రోజు 2 నుంచి 3 లక్షల మంది వచ్చారని ముఖ్యమంత్రే చెప్పారు.

రెండు, దారి ఇరుకు. లేకపోతే మూసిన గేటు.

మూడు, వెనకున్నవాళ్ళకు ముందు ఏం జరుగుతోందో తెలియదు. ఇది అన్నిటికన్నా ముఖ్యమైనదని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ రోజు వెనకున్నవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. మనం వీటిని "తొక్కిసలాట" అంటాం. ఆ మాట వింటే జనం ఒకరినొకరు తొక్కుకుంటూ పరుగెత్తినట్టు అనిపిస్తుంది. పేరులోనే జనాన్ని దోషిగా నిలబెట్టేశాం. కానీ ఇలాంటి చోట్ల చాలామంది చనిపోయేది కాళ్ళ కింద పడి కాదు, నిలబడే ఊపిరాడక చనిపోతారు. నాలుగు వైపుల నుంచి ఒత్తిడి పడితే ఛాతీ పొంగడానికి చోటుండదు. గాలి చుట్టూ ఉంటుంది, పీల్చుకోలేరు. అంత దగ్గరగా నొక్కుకున్నప్పుడు పరుగెత్తడం ఎవరివల్లా కాదు. కాబట్టి "తొక్కిసలాట" కన్నా "నొక్కుడు" అనడమే నిజానికి దగ్గర.

ఈ సంగతి అర్థం కావడానికి మా క్లాసులో ఒక ప్రయోగం చేశాం. టీచరు పక్కనే నిలబడ్డారు. వరండాలో సుద్దముక్కతో ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు చదరం గీశాం. ఇద్దరు నిలబడితే మధ్యలో పుస్తకాల సంచి పెట్టుకోవచ్చు. నలుగురు నిలబడితే భుజాలు తగిలాయి గానీ వెనక్కి తిరగడానికి వీలైంది. ఐదుగురైతే నవ్వులు మొదలయ్యాయి. ఆరుగురైనప్పుడు నవ్వులు ఆగిపోయాయి. నా చేతులు కిందే ఉండిపోయాయి, పైకి తీయలేకపోయాను. చివర్లో నిలబడ్డ అమ్మాయి కొంచెం ఒరిగితే ఆరుగురమూ ఒరిగాం. టీచరు వెంటనే ఆపేశారు. నిపుణులు చెప్పేదీ ఇదే. చదరపు మీటరుకు నలుగురి దాకా మనిషి తన కాళ్ళ మీద తానుంటాడు. ఆరుగురు దాటితే గుంపు నీళ్ళలాగా కదులుతుంది, మనిషి చేతిలో ఏమీ ఉండదు. ఎంత బుద్ధి ఉన్నవాడైనా అక్కడ ఏమీ చేయలేడు.

తర్వాత ఒక లెక్క చేశాం. ఇంగ్లండులో స్టేడియాల భద్రతకు వాడే పుస్తకం ప్రకారం, చదునైన దారిలో ఒక మీటరు వెడల్పు నుంచి నిమిషానికి ఎక్కువలో ఎక్కువ 82 మంది పోగలరు. మెట్ల మీదైతే 66 మంది. ఒక స్టేడియానికి అన్ని గేట్లూ కలిపి 10 మీటర్ల దారి ఉందనుకుందాం. నిమిషానికి 820 మంది. 35,000 మంది పోవడానికి దాదాపు 43 నిమిషాలు. 2 లక్షల మందైతే 4 గంటలు. ఇది గేట్లన్నీ బార్లా తెరిచి, ఎవరూ టికెట్టు చూడకపోతే వచ్చే లెక్క. ఏడో తరగతి పిల్లలు కూడా చేయగల భాగహారం ఇది. జనాన్ని పిలిచే ముందు ఎవరైనా కాగితం మీద ఇది వేసి చూస్తే చాలు కదా అనిపించింది.

అయితే పెద్ద గుంపులన్నీ ప్రమాదమే అంటే అదీ నిజం కాదు. మన బెంగళూరులోనే మంచి ఉదాహరణలున్నాయి. చైత్ర పౌర్ణమి రాత్రి తిగళరపేట ధర్మరాయ స్వామి గుడి నుంచి కరగ బయలుదేరుతుంది. పాత పేట సందులన్నీ జనమే. కరగ మోసే ఆయన చుట్టూ వీరకుమారులు కత్తులు పట్టుకుని చోటు కాపాడుతూ నడుస్తారు. దారిలో కరగ హజ్రత్ తవక్కల్ మస్తాన్ దర్గాకు కూడా పోతుంది. నేను గమనించింది ఏమిటంటే, ఇక్కడ జనం దేవుడి దగ్గరికి పరుగెత్తాల్సిన పని లేదు. కరగే వీధి వీధికీ వస్తుంది. ఎవరి గడప దగ్గర వాళ్ళు నిలబడి చూడొచ్చు. అందరికీ ఒకే గేటు అనే మాట లేదు.

కార్తీక మాసం చివరి సోమవారం బసవనగుడిలో జరిగే కడలెకాయి పరిషె కూడా అంతే. లక్షలమంది వస్తారు. రోడ్డును బండ్లకు మూసి పొడుగునా వేరుశనగ కుప్పలు పోస్తారు. ఒక చోట జనం ఎక్కువైతే పక్క వీధిలోకి జారుకోవచ్చు. ఎవరికీ తొందర లేదు, ఎందుకంటే ఈ చివర ఉన్న వేరుశనగే ఆ చివరా ఉంటుంది.

తిరుమల కొండ మీద క్యూ కాంప్లెక్సు ఇంకో పద్ధతి. జనాన్ని గదులు గదులుగా కూర్చోబెట్టి, పాలూ అన్నమూ ఇచ్చి, ముందు చోటు ఖాళీ అయ్యాకే ఒక్కో గదిని వదులుతారు. అవ్వకు ఆ కంపార్టుమెంట్లలో కూర్చోవడం విసుగు. "ఎన్ని గంటలు కూర్చోవాల్నో!" అంటుంది. నేను ఈ వ్యాసం కోసం చదివాక అవ్వతో చెప్పాను: "అవ్వా, ఆ కూర్చోబెట్టడమే నిన్ను కాపాడేది." కొండ మీద కూర్చోబెట్టే ఆ పద్ధతి ఆ జనవరి రాత్రి కింద ఊర్లో టోకెన్ల కోసం వచ్చినవాళ్ళకూ ఉండి ఉంటే అనిపిస్తుంది.

జూన్ 4 తర్వాత మన రాష్ట్రంలో ప్రభుత్వం జస్టిస్ జాన్ మైకేల్ డి'కున్హా గారితో విచారణ కమిషన్ వేసింది. ఆ స్టేడియం కట్టిన తీరే ఇంత పెద్ద గుంపులకు సరిపోదని ఆ కమిషన్ చెప్పింది. మహిళల ప్రపంచ కప్పు మ్యాచ్‌లు బెంగళూరు నుంచి నవీ ముంబైకి మారాయి. 2025 ఆగస్టులో గుంపుల నియంత్రణ మీద ఒక బిల్లును కూడా శాసనసభలో పెట్టారు. చట్టం మంచిదే. కానీ చట్టంతో పాటు చెవి కూడా కావాలి. 2022 అక్టోబరు 29న దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో ఇటేవాన్ అనే చోట ఒక ఇరుకు సందులో 159 మంది చనిపోయారు. ప్రమాదం రాత్రి 10 దాటాక జరిగింది. కానీ సాయంత్రం ఆరున్నరకే ఒకరు పోలీసులకు ఫోను చేసి, ఇక్కడ నలిగిపోయేట్టున్నాం అని చెప్పారు. ఆ తర్వాత ఇంకా ఫోన్లు వచ్చాయి. దాదాపు 4 గంటల సమయం ఉంది. ముందున్నవాళ్ళు చెప్పారు, వినాల్సినవాళ్ళు వినలేదు.

ఇదంతా చదివి నేను ఊరికే ఉండలేకపోయాను. మన బడిలో వార్షికోత్సవం జరిగే పై అంతస్తు హాలు గుర్తొచ్చింది. తలుపుకు రెండు రెక్కలు. ఒక రెక్క గడియ తుప్పు పట్టి ఎప్పుడూ మూసే ఉంటుంది. కిందికి మెట్లు. తలుపు వెడల్పు టేపుతో కొలిచాం, మీటరున్నర. మెట్ల లెక్క ప్రకారం నిమిషానికి 99 మంది దిగొచ్చు, 400 మందికి 4 నిమిషాలు చాలు. ఒక రెక్క మూసి ఉంటే 8 నిమిషాలు. పైగా ప్రతి ఏడాదీ మెట్ల కిందే మిఠాయి పొట్లాలు పంచేవాళ్ళు. చిన్న పిల్లలు ముందు దొరకాలని మెట్ల మీద పరుగెత్తేవాళ్ళు. రెండేళ్ళ కింద మా చెల్లెలు అక్కడే పడి గడ్డానికి కుట్లు పడ్డాయి. అప్పుడు అమ్మ చెల్లెల్నే తిట్టింది, "నీకేం తొందర" అని. ఇప్పుడు ఆలోచిస్తే అది సండర్లాండ్ మెట్లే.

మేము నలుగురం కలిసి ఈ లెక్క కాగితం మీద రాసి హెడ్‌మాస్టరు గారికి ఇచ్చాం. తిడతారేమో అనుకున్నాం. ఆయన చదివి మాతో పాటు పైకి వచ్చి ఆ గడియను తన చేత్తోనే లాగి చూశారు. రాలేదు. మరుసటి రోజు మనిషిని పిలిపించి బాగు చేయించారు. ఇప్పుడు రెండు రెక్కలూ తెరుచుకుంటాయి. ఈసారి మిఠాయి ఎవరి తరగతి గదిలో వాళ్ళకే ఇచ్చారు. చిన్న తరగతులు ముందు దిగాయి. ఎవరూ పరుగెత్తలేదు. పిల్లలకు ఒక్క రోజులో బుద్ధి రాలేదు కదా! పరుగెత్తాల్సిన పని లేకుండా పోయింది, అంతే.

గుంపులో చిక్కుకుంటే ఏం చేయాలో కూడా తెలుసుకున్నాను. మీకూ పనికొస్తుంది. పోయేటప్పుడే బయటికి దారి ఎటుందో చూసుకోవాలి. చేతులు కింద వేలాడేయకుండా ఛాతీ ముందు మడిచి పెట్టుకోవాలి, ఊపిరికి చోటు దొరుకుతుంది. తోపుకు ఎదురు తోయకూడదు. తోపు ఆగినప్పుడల్లా ఏటవాలుగా పక్కకు జరగాలి. చెప్పు పడినా ఫోను పడినా వంగకూడదు. పడిపోతే పక్కకు ముడుచుకుని తల కాపాడుకోవాలి, వీలైన వెంటనే లేవాలి. గోడకూ కంచెకూ ఆనుకోకూడదు. చిన్న పిల్లలుంటే భుజాన ఎత్తుకోవాలి. ముందు నుంచి ఎవరైనా "ఆగండి" అంటే నమ్మి ఆగాలి, ఆ మాట వెనక్కి అందించాలి.

ఆ చివరి మాట గురించి ఒక విన్నపం ఉంది. మన బెంగళూరులో గుంపు అంటే కన్నడ, తెలుగు, తమిళం, ఉర్దూ, హిందీ అన్నీ ఉంటాయి. మా అవ్వ ఈ ఊర్లో 40 ఏళ్ళుగా ఉన్నా మైకులో కన్నడం గబగబా చెప్తే అర్థం కాదు, ఇంగ్లీషు అసలే రాదు. "ఆగండి" అనే ఒక్క మాట అందరి భాషల్లో చెప్పడానికి అర నిమిషం చాలదా? మన బడి పిల్లలకు తెలుగూ వచ్చు, కన్నడమూ వచ్చు. పెద్ద జాతరలప్పుడు వాలంటీర్లుగా నిలబెడితే ఆ పని మేమే చేస్తాం.

మళ్ళీ 2027లో గోదావరి పుష్కరాలు వస్తాయి. అవ్వకు పోవాలని ఉంది. "బతికుంటే ఒక్క మునక మునిగొస్తా" అంటోంది. అమ్మ వద్దంటోంది. నేను మాత్రం తీసుకుపోతానని మాట ఇచ్చాను. మొదటి రోజు పోము. అందరూ పోయే రేవుకు పోము. మధ్యలో ఏదో ఒక మామూలు రోజు, ఒక చిన్న ఊరి రేవులో, పొద్దెక్కాక నెమ్మదిగా దిగుతాం. పుణ్యం తగ్గుతుందేమో అంది అవ్వ. 12 రోజులూ గోదావరి అదే కదా అవ్వా అన్నాను. కాసేపు ఆలోచించి, "సరేలే, నువ్వు నా చెయ్యి మాత్రం వదలొద్దు" అంది.